మండలం ముగిసిన మరునాడు

(శ్రీ వేంకటేశ్వరస్వామివారి ఆలయ జీర్ణోద్ధరణ, మహాసంప్రోక్షణ మహోత్సవాలను పురస్కరించుకొని జరిగిన ధార్మిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



‘ఆలయం–సమాజం’ అనే అంశంపై నాలుగు మాటలు చెప్పవలసిందిగా కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను ఆగమవేత్తను కాను. ముప్పైయేళ్లు కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. యాగశాలలోని పండితోత్తముల ముందు ఆలయ తత్త్వం గురించి మాట్లాడే సాహసం చేయను. సముద్రాలకు ఆవల ఒక నగరంలో నేను కన్నులారా చూసిన కొన్ని సంగతులు మాత్రం మీ ముందుంచుతాను. వాటిలో మనకు పనికివచ్చేది ఉంటే గ్రహించండి.

మా అబ్బాయి ఉద్యోగరీత్యా దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరంలో ఉన్న కాలంలో, 2022 ఫిబ్రవరి నుంచి పదకొండు నెలలపాటు నేనూ నా అర్ధాంగీ అక్కడ గడిపాము. మా నివాసం నగరానికి ఉత్తరాన ఉన్న టోంగాట్‌లో. ఆఫ్రికా అనగానే అడవులూ మృగాలూ మనసులో మెదిలే వయసు నాది. తీరా వెళ్లి చూస్తే, మా వీధి చివర ఒక గుడి, దాని ముందు ఎర్రజెండా, ప్రహరీ పక్కన వేపచెట్టు. గుడి కార్యదర్శి ఒక విశ్రాంత ఉపాధ్యాయిని. ఇంటిపేరు నాయుడు. అక్కడి ఉచ్చారణలో ‘నైడూ’. ఆమె ముత్తాత విశాఖ మండలం నుంచి వచ్చాడని మాత్రమే ఆమెకు తెలుసు. ఊరి పేరు తెలియదు.

ఈ కథ మన తీరానికి సంబంధించినది కనుక పూర్వాపరాలు కొద్దిగా మనవి చేస్తాను. 1860 నవంబరు 16వ తేదీన ‘ట్రురో’ అనే ఓడ మద్రాసు నుంచి బయలుదేరి డర్బన్ రేవు చేరింది. చెరకు తోటల్లో పనిచేయడానికి ఒప్పంద కూలీలను మోసుకుపోయిన తొలి ఓడ అది. 1911లో ఆ పద్ధతి ఆగిపోయేనాటికి సుమారు 1,52,000 మంది అలా నేటాల్ చేరారు. వారిలో అధిక సంఖ్యాకులు మద్రాసు రేవు నుంచి వెళ్లినవారే. విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు వారిలో ఎందరో ఉన్నారు. ఒప్పందం ఐదేళ్లు, తొలి ఏడాది జీతం నెలకు పది షిల్లింగులు. నేటికీ డర్బన్‌లో అప్పలసామి అనే పేరు వినిపిస్తుంది. సింహాద్రి అప్పన్న ఆ పేరులో కూర్చుని అంతదూరం ప్రయాణం చేశాడు. ఆ పేరు ఎక్కడిదో దాన్ని పెట్టుకున్నవారిలో చాలామందికి తెలియదు.

అక్కడివారు మొదట కట్టుకున్న గుడులు వెదురూ మట్టీ రేకులతో కట్టినవి. 1875లో అంబిలో నది ఒడ్డున ఒక గుడి వెలసింది. 1905లో వచ్చిన వరదలో అది నాశనమైంది. భక్తులు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 1947లో కాటో మేనర్ అనే ప్రాంతంలో శ్రీ అంబలవానర్ ఆలయం పేరిట కొత్త కట్టడాన్ని నిలిపారు. పాత గుడి నుంచి దక్కించుకున్న చెక్కుడు తలుపులను అందులో అమర్చుకున్నారు. ఆ తలుపుల ముందు నిలబడినప్పుడు జీర్ణోద్ధరణ అనే మాటకు అర్థం నాకు స్పష్టమైంది. పాతదాన్ని పూర్తిగా తుడిచివేయడమూ కాదు, పాతదాన్నే పట్టుకు వేలాడడమూ కాదు. వరదలో మిగిలిన తలుపును కొత్త గోడకు బిగించడమే జీర్ణోద్ధరణ.

ఆ కాటో మేనర్ కథ అంతటితో ముగియలేదు. 1950లో చేసిన గ్రూప్ ఏరియాస్ చట్టం ప్రకారం ఏ జాతివారు ఏ పేటలో ఉండాలో ప్రభుత్వమే నిర్ణయించింది. కాటో మేనర్‌లో తరతరాలుగా కూరగాయలు పండించుకుంటున్న భారతీయులనూ, అక్కడి ఆఫ్రికన్లనూ ఖాళీ చేయించి ఇళ్లు పడగొట్టారు. 1960వ దశకంలో చాట్స్‌వర్త్ అనీ, 1970వ దశకంలో ఫీనిక్స్ అనీ భారతీయులకు వేరే పేటలు కట్టారు. ఇళ్లు పోయిన ఆ మైదానంలో గుడులు మాత్రం కొన్ని మిగిలాయి. చుట్టూ ఊరు లేని గుడి ఎలా ఉంటుందో ఊహించండి. దూరపు పేటల నుంచి బస్సెక్కి వచ్చి, గడ్డి కోసి, దీపం పెట్టి, తిరిగి బస్సెక్కి వెళ్లినవారు ఉన్నారు గనుకనే అవి ఈనాటికీ గుడులుగా ఉన్నాయి.

ఇక వారి నిత్యజీవితానికి వస్తాను.

ఆ దేశంలో ఉగాదికి సెలవు లేదు, దీపావళికీ లేదు. తోటల్లో పనిచేసిన పూర్వులకు సెలవు దొరికేది ఈస్టరుకు. అందుచేత వారు అమ్మవారి జాతరను ఈస్టరు సెలవుల్లోకి తెచ్చుకున్నారు. నగరానికి దక్షిణాన ఇసిపింగోలోని మారియమ్మన్ ఆలయంలో గుడ్ ఫ్రైడే నాటికి వేలాది జనం కూడుతారు. ఆషాఢం వచ్చేసరికి మన గ్రామదేవతలకు పోసినట్లే అక్కడ అంబలి కాచి అమ్మవారికి నివేదించి పంచుతారు. దాన్ని ఇంగ్లీషులో ‘పారిజ్ ప్రేయర్’ అంటారు. పేరు మారింది గాని కుండ మారలేదు. పెరటాసి నెలలో తెలుగు, తమిళ కుటుంబాలవారు మాంసాహారం విడిచి, శనివారాలు గోవిందనామం చెప్పుకుంటారు. మా గుడిలో ఆ నామం వినగానే నా అర్ధాంగి కన్నీరు పెట్టుకుంది. పలికేవారి నాలుకకు తెలుగు రాదు. ఆ ఒక్క పిలుపు మాత్రం తప్పు లేకుండా పలుకుతారు.

అయితే నేను చెప్పదలచుకున్నది పండుగల గురించి కాదు. పండుగ నాడు జనం ఎక్కడైనా వస్తారు. పండుగ లేని మంగళవారం ఆ గుడిలో ఏం జరుగుతుందన్నదే నన్ను ఆకట్టుకున్న విషయం.

గుడి ప్రవేశద్వారం లోపల ఒక నల్లబల్ల ఉండేది. దానిపై వారం వారం సుద్దముక్కతో పేర్లు రాసేవారు. సోమవారం అరుగు కడగడం ఎవరు, బుధవారం వంట ఎవరు, శనివారం వృద్ధుల వ్యాను వెంట ఎవరు, ఆదివారం పిల్లల తరగతి ఎవరు అని. దాతల పేర్లు కూడా ఉన్నాయి. అవి వెనుక గోడమీద ఉన్నాయి. లోపలికి వచ్చినవాడికి ముందు కనిపించేది పనిచేసేవారి పేర్లు. నేను వెళ్లిన మూడో వారంలోనే ఆ బల్లమీద నా పేరూ ఎక్కింది. ఉల్లిపాయలు తరిగే పని. డెబ్బైయేళ్ల వయసులో ఉల్లిపాయలు తరగడం కొత్తగా నేర్చుకున్నాను.

శనివారం వృద్ధుల విహారం గురించి చెప్పాలి. నెలకొకసారి ఒంటరి వృద్ధులను వ్యానుల్లో ఎక్కించుకొని సముద్రతీరానికో, డర్బన్ వృక్షశాస్త్ర ఉద్యానానికో తీసుకువెళ్లేవారు. ఆ ఉద్యానం 1849లో నెలకొల్పినది. ఆఫ్రికాలో మిగిలివున్న వాటిలో అతి పురాతనమైనదిగా దానికి పేరు. పెద్ద గిన్నెతో కూరగాయల బిరియానీ, పప్పు, పచ్చడి వెంట వచ్చేవి. చెట్టు కింద చాపలు పరిచి అందరూ తినేవారు. ఆ ముసలమ్మల్లో చాలామంది ఒకప్పుడు నల్లవారితో, భారతీయులతో సముద్రపు ఒడ్డును కూడా పంచుకోని చట్టాల కింద యౌవనం గడిపినవారు. నగరంలోని మంచి తీరమంతా అప్పట్లో తెల్లవారిది. ఒక అవ్వ మోకాలి లోతు నీళ్లలో నిలబడి, “చిన్నప్పుడు ఈ ఒడ్డును బస్సు కిటికీలోంచి చూశాం” అన్నది. నాకది వనభోజనం, ఆమెకది తీర్థస్నానం.

డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ నగరాల మధ్య 1921 నుంచి ‘కామ్రేడ్స్’ అనే పరుగు పోటీ జరుగుతున్నది. దాదాపు తొంభై కిలోమీటర్ల పరుగు. నేనున్న సంవత్సరం అది ఆగస్టు చివర జరిగింది. మా గుడి యువకులు కొందరు దారి పక్కన బల్ల వేసుకొని నీళ్లు, నారింజ తొనలు, ఉప్పు చల్లిన ఉడికిన బంగాళాదుంపలు అందించారు. పరుగెత్తేవాడి కులమేమిటి, జాతి ఏమిటి, మతమేమిటి అని ఎవరూ అడగలేదు. చలివేంద్రం పెట్టడం మన పూర్వుల ధర్మం. దారి పొడవునా సాగిన ఆ చలివేంద్రాలను చూసి ఆనందించాను.

ఆ ఊరి పోరాటాల్లో ఒకటి చెబుతాను. నగర మధ్యంలో వార్విక్ కూడలి వద్ద 1934లో నెలకొన్న ‘ఎర్లీ మార్నింగ్ మార్కెట్’ ఉంది. తెల్లవారుజామున తెరుచుకునే కూరగాయల సంత అది. ఒప్పందం తీరిన కూలీల సంతతివారు పండించిన కూరలు అమ్ముకున్న చోటు. తరువాతి కాలంలో ఆఫ్రికన్ వర్తకులూ అక్కడే బతుకుతెరువు చూసుకున్నారు. 2010 ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలకు ముందు, 2009లో, దాన్ని తొలగించి పెద్ద వాణిజ్య సముదాయం కట్టాలని నగరపాలక సంస్థ తలపెట్టింది. భారతీయ, ఆఫ్రికన్ వర్తకులు కలిసి ఎదిరించారు; వీధికెక్కారు, న్యాయస్థానాలకు వెళ్లారు. ఆ ప్రయత్నం ఆగిపోయింది, సంత నిలిచింది. మా గుడి వంటకు కరివేపాకు, మునగకాయలు అక్కడినుంచే వచ్చేవి. కరివేపాకు కట్టను చేతిలో పెట్టిన ముసలాయన, “ఇది మా తాత బల్ల” అని తన అంగడిని చూపించాడు.

సభ్యులారా, ఇంతవరకు మంచి మాటలే చెప్పాను. ఇప్పుడు కష్టమైన మాట చెప్పాలి. చెప్పకపోతే నా ప్రసంగం అసత్యమవుతుంది.

2021 జూలైలో ఆ రాష్ట్రంలో పెద్ద అల్లర్లు చెలరేగాయి. దుకాణాలు దోపిడీకి గురయ్యాయి, గోదాములు తగలబడ్డాయి. రెండు రాష్ట్రాల్లో కలిపి మూడు వందల మందికి పైగా మరణించారు. భయపడిన పేటలవారు వీధుల్లో అడ్డుకట్టలు కట్టి కావలి కాశారు. ఫీనిక్స్ ప్రాంతంలో ఆ రోజుల్లో ముప్పైమందికి పైగా చంపబడ్డారు. వారిలో అత్యధికులు నల్లజాతివారు. అంతకు చాలాకాలం ముందు, 1949 జనవరిలో, భారతీయులపై దాడులతో మొదలైన అల్లర్లలో వందకు పైగా ప్రాణాలు పోయాయి. ఒకరి గాయం మరొకరికి కనబడని నగరం అది. నేను వెళ్లేనాటికి ఆ గాయం మానలేదు. పొరుగు పేటల మధ్య మాటలు తగ్గాయి.

మరుసటి ఏడాది, 2022 ఏప్రిల్ 11, 12 తేదీల్లో, కుండపోత వాన కురిసింది. కొండచరియలు విరిగిపడి, ఇళ్లు కొట్టుకుపోయి నాలుగు వందల మందికి పైగా మరణించారు. టోంగాట్‌కు నీరందించే శుద్ధికేంద్రం ధ్వంసమైంది. నెలల తరబడి కుళాయిల్లో చుక్క నీరు రాలేదు. మా గుడి ఆవరణలో ఒక బోరుబావి ఉంది. నాలుగో రోజున గుడి సంఘం సమావేశమైంది. వయసు మీరిన ఒక సభ్యుడు, “ముందు మన సభ్య కుటుంబాలకు ఇద్దాం, మిగిలితే ఇతరులకు” అన్నాడు. దుర్మార్గంతో అన్నమాట కాదది. నిరుటి భయం ఇంకా ఆయన గుండెలో ఉంది. బోరు ఎండిపోతుందన్న భయం కూడా ఉంది.

కార్యదర్శి కొంతసేపు మౌనంగా ఉంది. తరువాత ఇలా అన్నది: “పోయిన ఏడాది జూలైలో మనం ఈ గేటు మూశాం. తప్పో ఒప్పో, భయంతో మూశాం. ఆ వారం రొట్టె కోసం కాలినడకన వచ్చినవారు ఈ గేటు చూసి వెనుదిరిగారు. ఆ సంగతి నేను మరచిపోలేదు. గుడికి సభ్యులుంటారు. దేవుడికి ఉండరు.”

ఆ సాయంత్రమే ప్రహరీకి రంధ్రం చేసి గొట్టాన్ని వీధిలోకి తీశారు. మూడు కుళాయిలు బిగించారు. లోపలికి రావాలంటే చెప్పులు విడవాలి, మడి కావాలి, మొహమాటం కావాలి. వీధి కుళాయికి అవేమీ అక్కరలేదు. మరునాడు ఉదయం ఐదింటికే వరుస కట్టారు. కొండ దిగువ రేకుల ఇళ్ల నుంచి జూలూ స్త్రీలు బకెట్లు తలమీద పెట్టుకొని వచ్చారు. నాకు అప్పగించిన పని వరుసలో వృద్ధులను ముందుకు పంపడం. ‘గోగో’ అంటే వారి భాషలో అవ్వ. “గోగో, రా” అని నేను తెలుగూ జూలూ కలిపి పిలిచేవాణ్ణి. నవ్వేవారు. ఒక గోగో నీళ్లు పట్టుకున్నాక గుడివైపు తిరిగి, బకెట్టు దించి, రెండు చేతులూ కలిపి “సియాబోంగా” అన్నది. ‘మేము కృతజ్ఞులము’ అని దాని అర్థం. అభ్యంతరం చెప్పిన పెద్దాయన ఆ పక్కనే కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. మరుసటి వారం నల్లబల్లమీద నీళ్ల పనికి ఎదురుగా ఆయన పేరు ఆయనే రాసుకున్నాడు. బోరు ఎండిపోలేదు.

దానితో అన్ని గాయాలూ మాసిపోయాయని నేను అనను. అంత సులువు కాదు. కాని ఆ వీధిలో పలకరింపులు తిరిగి మొదలైన మాట నిజం.

భాష విషయం చెప్పకుండా తెలుగు మాస్టారు కూర్చోలేడు. ఆ దేశంలో 1931లోనే ఆంధ్ర మహాసభ ఏర్పడింది. 1996లో ఆమోదించిన వారి రాజ్యాంగం ఆరవ సెక్షన్‌లో, ప్రజలు వాడే భాషలుగా గౌరవించి ప్రోత్సహించవలసిన వాటిలో తెలుగు పేరు స్పష్టంగా ఉంది. అయినా ఇంటిలో మాట్లాడేవారు బహు స్వల్పం. రాజ్యాంగంలో నిలిచిన భాష వంటింటిలో నిలవలేదు. మా గుడిలో ఆదివారం తరగతికి పదకొండు మంది పిల్లలు వచ్చేవారు. నేను వారికి అ ఆలు దిద్దించాను. కార్యదర్శి కూడా పిల్లల పక్కన కూర్చుని దిద్దింది. చివరి రోజున తన ముత్తాత పేరు తెలుగులో రాసి, “ఇది సరిగ్గా ఉందా మాస్టారూ?” అని అడిగింది. ఒడ్డు దాటిన తరువాత ఆ పేరును వారి ఇంటిలో తెలుగు లిపిలో రాసినవారు బహుశా ఆమే మొదలు. సరిగ్గా ఉందని చెప్పడానికి నా గొంతు వెంటనే పెగల్లేదు.

ఇక మన గుడికి వస్తాను.

నూతన విమానం కన్నులపండుగగా ఉంది. ధ్వజస్తంభం నిలిచింది. రేపటితో సంప్రోక్షణ పూర్తవుతుంది. మండలం రోజులు నిత్యపూజలు, ప్రసాదాలు ఉంటాయి, జనమూ ఉంటారు. నా చింతంతా మండలం ముగిసిన మరునాటి గురించే. మన పాత గుడి వానకు శిథిలమైందని చందా పుస్తకంలో రాసుకున్నాం. నిజం వేరు. గోపురంమీద రావిమొక్క మొలిచిననాడు ఎవరమూ పీకలేదు. అది చెట్టయి రాయి చీల్చింది. నేనూ పీకలేదు. ప్రతి సంక్రాంతికీ వచ్చి, చూసి, పట్నం వెళ్లిపోయాను. ఈనాడు దాతల శిలాఫలకంమీద నా పేరు ఉంది. డబ్బిచ్చినందుకు ఉంది. పని చేసినందుకు కాదు. దాన్ని చూస్తే నాకు గర్వంకన్న బిడియమే ఎక్కువ కలుగుతున్నది.

అందుచేత పెద్దలకు మూడు విన్నపాలు చేసి విరమిస్తాను.

మొదటిది, శిలాఫలకం కంటే ముందు కనిపించేటట్లు ఒక నల్లబల్ల పెట్టించండి. దానికి పెద్ద ఖర్చు లేదు. వారం వారం ఎవరు ఏ పని చేస్తారో దానిమీద రాయండి. తొలి వారం అరుగు కడిగే పనికి ఎదురుగా నా పేరు రాసుకోనివ్వండి.

రెండవది, మన కోనేటి పక్కన కొత్తగా వేసిన బోరు నీటిని ప్రహరీ అవతలికి ఒక కుళాయిగా ఇవ్వండి. వేసవిలో మన ఊరిలో ఏ పేటవారు ఎంత దూరం నుంచి బిందెలు మోస్తున్నారో అందరికీ తెలుసు. కుళాయి వీధిలో ఉండాలి. అడగనవసరం లేకుండా ఉండాలి. ఇది సంఘంలో చర్చకు వచ్చినప్పుడు అభ్యంతరాలు వస్తాయని నాకు తెలుసు. వచ్చినప్పుడు టోంగాట్ కార్యదర్శి మాట గుర్తుచేసుకోమని ప్రార్థన.

మూడవది, పిల్లలు పట్నాలలో, విదేశాలలో ఉండగా ఇళ్లలో ఒంటరిగా మిగిలిన తల్లిదండ్రులు మన గ్రామంలోనే ఎందరో ఉన్నారు. నెలకొకనాడు వారిని సముద్రం దాకా, తోట దాకా, సింహాచలం దాకా తీసుకువెళ్లండి. వ్యాను ఖర్చు నా పింఛనులో నుంచి ఇస్తాను. వెంట వెళ్లే మనుషులను మాత్రం మీరు ఇవ్వాలి.

నూటయాభై ఏళ్ల క్రితం మన తీరం నుంచి వెళ్లినవారు ఊరు పోగొట్టుకున్నారు, ఇల్లు పోగొట్టుకున్నారు, చివరకు మాట కూడా పోగొట్టుకున్నారు. గుడిని పోగొట్టుకోలేదు. ఎందుకంటే వంతులవారీగా దాన్ని కడిగారు, వండారు, నీళ్లు పోశారు. అన్నీ ఉన్న మనం దాన్ని నిలబెట్టుకోలేమా?

 శ్రీ వేంకటేశ్వరస్వామి మన చేతులకు పని, పనికి ఓపిక ప్రసాదించుగాక.

స్వస్తి.